రుస్తుం పేరెందుకు దాచాడు? షానామాను గేమ్ థియరీతో చదివే పద్ధతి

ప్రశ్న ఇది: "షానామా లాంటి పాత పారశీక ఇతిహాసానికి గేమ్ థియరీ పనికొస్తుందా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?"

పనికొస్తుంది. గేమ్ థియరీ అంటే ఒకరి ఎత్తును బట్టి ఇంకొకరు ఎత్తు వేసే వ్యవహారాలను లెక్కకట్టే శాస్త్రం. కాకపోతే చాలామంది చేసేట్టు రెండు గడులు అడ్డం, రెండు గడులు నిలువు గీసి, ఒక పక్క తండ్రి రుస్తుం, ఇంకో పక్క కొడుకు సోహ్రాబ్ అని రాసి "ఇది ఖైదీల సందిగ్ధం" అని తేల్చేస్తే చేతికి ఏమీ రాదు. ఒకరినొకరు నమ్మలేక ఇద్దరూ నష్టపోయే ఆట అది. ఖైదీల సందిగ్ధంలో ఇద్దరికీ ఎదుటివాడెవరో తెలుసు, ఆట ఏమిటో తెలుసు. ఇక్కడ తండ్రికి ఎదుట ఉన్నది కొడుకని తెలియదు, కొడుక్కి ఎదుట ఉన్నది తండ్రని తెలియదు. దీనికి కావలసిన పనిముట్టు వేరు. ఎదుటివాడు ఏ రకం మనిషో తెలియని ఆటలను ఎలా లెక్కకట్టాలో ఆర్థికవేత్త జాన్ హర్సాని 1967–68లో చూపించాడు. షానామాలో మంచి కథలన్నీ దాదాపు ఆ కోవలోవే.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. షానామా, గేమ్ థియరీ అన్న రెండు మాటలు పక్కపక్కన పడగానే చదరంగం కథ ఎత్తుకుంటారు. హిందూదేశపు రాజు ఇరాన్ రాజు నూషిర్వాన్ దగ్గరికి చదరంగం పంపడం, నూషిర్వాన్ మంత్రి బుజుర్జ్‌మిహ్ర్ దాని కిటుకు కనిపెట్టి బదులుగా నర్ద్ అనే పాచికల ఆట తయారుచేయడం. కథ బాగుంటుంది. కానీ అందులో ఆట గురించి ముచ్చట ఉందే తప్ప, మనుషులు ఒకరి ఎత్తు చూసి ఒకరు ఎత్తు వేయడం లేదు. గేమ్ థియరీకి అక్కడ పని తక్కువ.

మనవాళ్లకు షానామా రాసిన ఫిరదౌసి అనగానే జాషువా 1932లో రాసిన కావ్యం గుర్తొస్తుంది. గొప్ప కావ్యం, సందేహం లేదు. కానీ అందులో ఉన్నది కవి బతుకు, సుల్తాను మాట తప్పడం. 1010లో ఫిరదౌసి ముగించిన దాదాపు యాభైవేల ద్విపదల లోపలికి వెళ్లిన తెలుగు పాఠకులు తక్కువ. అదే నా బాధ. అందుకే కథ క్లుప్తంగా చెప్పి లెక్కలోకి వెళ్తాను.

ఇరాన్ మహావీరుడు రుస్తుం వేటకెళ్లి గుర్రం రఖ్ష్‌ను పోగొట్టుకుని, ఇరాన్‌కు శత్రురాజ్యమైన తూరాన్ సరిహద్దులోని సమంగాన్ చేరతాడు. అక్కడి రాజు కూతురు తహ్మీనాతో ఒక రాత్రి గడుపుతాడు. వెళ్లేముందు చేతికున్న పూస ఇచ్చి, ఆడపిల్ల పుడితే జడలో, మగపిల్లాడు పుడితే దండచేతికి కట్టమంటాడు. సోహ్రాబ్ పుడతాడు. పదేళ్లకే ఆ నేల మీద వాడితో తలపడేవాడు లేడు. తండ్రెవరో తెలిశాక వాడి ఆలోచన సూటిగా ఉంటుంది: ఇరాన్ రాజు కావూస్‌ను దించి రుస్తుంను కూర్చోబెట్టాలి, ఆపైన తూరాన్ రాజు అఫ్రాసియాబ్ సింహాసనం లాక్కోవాలి. అఫ్రాసియాబ్‌కు ఈ సంగతి తెలిసి, హూమాన్, బార్మాన్ అనే ఇద్దరు సేనానులతో పన్నెండువేల సైన్యాన్ని తోడు పంపుతాడు. వాళ్లకు రహస్యంగా ఒకటే ఆజ్ఞ: తండ్రీ కొడుకులు ఒకరినొకరు గుర్తుపట్టకూడదు. కొడుకు చేతిలో తండ్రి పోతే, ఆ తర్వాత కొడుకును నిద్రలో చంపేయవచ్చు. తండ్రి చేతిలో కొడుకు పోతే రుస్తుం గుండె కాలి బూడిదవుతుంది. ఎటు తిరిగినా అఫ్రాసియాబ్‌కు లాభమే. అతనికి నష్టం వచ్చే దారి ఒక్కటే, వాళ్లిద్దరూ గుర్తుపట్టుకోవడం.

ఇప్పుడు పని మొదలు. లాభనష్టాల అంకెలు వేయకముందు ఎవరికి ఏమి తెలుసో ఒక పట్టిక రాయండి. ఈ అడుగు దాటేసినవాళ్ల విశ్లేషణ ఏదీ నిలబడటం నేను చూడలేదు. ఈ కథకు రెండు నిజాలు చాలు. ఒకటి, సోహ్రాబ్ రుస్తుం కొడుకు. రెండు, ఇరాన్ శిబిరంలో ఉన్న ఫలానా యోధుడే రుస్తుం. మొదటిది తెలిసినవాళ్లు: తహ్మీనా, సోహ్రాబ్, అఫ్రాసియాబ్, హూమాన్, బార్మాన్, తహ్మీనా సోదరుడు జెందెరజ్మ్. రెండోది తెలిసినవాళ్లు: రుస్తుం, ఇరాన్ సైన్యం, సరిహద్దు కోట దగ్గర సోహ్రాబ్‌కు పట్టుబడ్డ ఇరానీ యోధుడు హుజీర్, రుస్తుంను పాత యుద్ధాల్లో చూసిన హూమాన్, సమంగాన్‌లో చూసిన జెందెరజ్మ్. తహ్మీనా కూడా చూసింది గానీ ఆమె ఊళ్లోనే ఉండిపోయింది. రెండు వరుసలూ కలిసే చోట, యుద్ధభూమిలో మిగిలేది ఇద్దరే. జెందెరజ్మ్, హూమాన్. కథ మొత్తం ఆ ఇద్దరి మీద ఆధారపడి ఉంది. ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. ఇక్కడ గుట్టు బయటపడకపోవడమే చేటయింది.

జెందెరజ్మ్‌ను తహ్మీనా పంపిందే సోహ్రాబ్‌కు రుస్తుంను చూపించడానికి. మరి అతనికి ఏమైంది? రుస్తుం తురుష్క వేషంలో రాత్రిపూట, సోహ్రాబ్ పట్టుకున్న ఆ సరిహద్దు కోటలోకి దూరి అతని విందును చాటునుంచి చూస్తుంటాడు. జెందెరజ్మ్ బయటికొస్తూ చీకట్లో ఆకారాన్ని చూసి, ఎవరు నువ్వు, వెలుగులోకి రా, మొహం చూపించు అంటాడు. రుస్తుం మెడ మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. అంతే. వేగుకు వచ్చినవాడిగా రుస్తుం చేసింది సరైన ఎత్తే, పట్టుబడకుండా ఉండటం అతనికి ప్రాణావసరం. కానీ రెండు నిజాలూ తెలిసి, చెప్పాలనే కోరిక కూడా ఉన్న ఒకే ఒక్క మనిషిని తన చేత్తోనే తీసేశాడు. చాలా సంక్షిప్త అనువాదాల్లో ఈ ఘట్టం సాహసకృత్యంగా ఒక పేరాలో ముగుస్తుంది, లేదా అసలు ఉండదు. అది లేని పుస్తకం పట్టుకుని విశ్లేషణ చేయకండి.

హూమాన్‌కు నోరు మూసుకోవడమే జీతం. రెండో రోజు సోహ్రాబ్ అతన్ని అడుగుతాడు: అమ్మ చెప్పిన గుర్తులన్నీ ఆ ముసలి యోధుడిలో కనిపిస్తున్నాయి, అతను రుస్తుం కాదు కదా? హూమాన్ జవాబు నేర్పుగా ఉంటుంది. గుర్రం రఖ్ష్ లాగే ఉందిగానీ దాని గిట్టలు రఖ్ష్ గిట్టలు కావు, అంటాడు. అబద్ధం నమ్మించాలంటే అందులో నిజం ఒక పాలు కలపాలి. పోలిక లేనేలేదంటే సోహ్రాబ్ నమ్మడు, కళ్లతో చూశాడు గనుక. పోలిక ఒప్పుకుని ఒక చిన్న తేడా చూపితే నమ్ముతాడు. ఇక్కడ సోహ్రాబ్ వేసుకోవలసిన ప్రశ్న, హూమాన్ నిజం చెప్తున్నాడా అని కాదు. నిజం చెప్తే హూమాన్‌కు ఏమొస్తుంది? ఏమీ రాదు. అలాంటివాడి మాటకు బరువు సున్నా. సలహా చెప్పేవాడి ప్రయోజనం, వినేవాడి ప్రయోజనం ఎంత దూరమైతే మాట అంత పలచబడుతుందని ఆర్థికవేత్తలు క్రాఫర్డ్, సోబెల్ 1982లో లెక్కగట్టి చూపారు. ఈ ఘట్టం దానికి అచ్చమైన ఉదాహరణ.

హుజీర్ సంగతి ఇంకా బాగుంటుంది, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సోహ్రాబ్ అతన్ని ఎత్తైన చోటికి తీసుకెళ్లి ఇరాన్ డేరాలు ఒక్కొక్కటీ ఎవరివని అడుగుతాడు. కావూస్‌ది, తూస్‌ది, గుదర్జ్‌ది, అన్నీ నిజమే చెప్తాడు. ఆకుపచ్చ డేరా, ముందు డ్రాగన్ జెండా, దగ్గర నిలబడ్డ అంత పెద్ద గుర్రం? అది చీనా నుంచి కొత్తగా వచ్చిన ఎవరో యోధుడిది, పేరు తెలియదు, అంటాడు. సోహ్రాబ్ మళ్లీ అడుగుతాడు. రుస్తుంను చూపిస్తే సంపద ఇస్తానంటాడు, దాస్తే తల తీస్తానంటాడు. హుజీర్ చెప్పడు.

చాలామంది దీన్ని హుజీర్ దేశభక్తి అని రాసి వదిలేస్తారు. లెక్క చూడండి. సోహ్రాబ్ ఎందుకు అడుగుతున్నాడో హుజీర్‌కు తెలియదు. వచ్చిన శత్రువు మన మహావీరుణ్ణి వెతుకుతున్నాడంటే చంపడానికే అని అతని ఊహ. అలాంటప్పుడు బహుమానం పెంచిన కొద్దీ హుజీర్ అనుమానం పెరుగుతుంది. ఇంత ఇస్తానంటున్నాడంటే ఆ కబురుకు ఎంత విలువ ఉండాలి, దానివల్ల ఇరాన్‌కు ఎంత నష్టం ఉండాలి! ధర పెంచితే సరుకు బయటికొస్తుందని సోహ్రాబ్ అనుకున్నాడు. ఇక్కడ ధరే సరుకును దాచేసింది. కారణం చెప్పకుండా బహుమానం ప్రకటించే ప్రతి చోటా ఈ బెడద ఉంటుంది. సోహ్రాబ్ కారణం చెప్పలేడు. చుట్టూ తూరాన్ మనుషులున్నారు, గుట్టు అఫ్రాసియాబ్‌దాకా పోకూడదని అమ్మ గట్టిగా చెప్పింది. ఆ గుట్టు అఫ్రాసియాబ్‌కు ఎప్పుడో తెలిసిపోయిందని వాడికి తెలియదు.

ఇక అసలు ప్రశ్న. యుద్ధం మొదలయ్యే ముందు సోహ్రాబ్ నేరుగా అడుగుతాడు, నువ్వు రుస్తుంవేనని నా మనసు చెప్తోంది అని. రుస్తుం కాదంటాడు. నేను అంతటివాణ్ణి కాదు, అతను మహావీరుడు, నేను చిన్నవాణ్ణి, అంటాడు. ఎందుకు? గర్వం అంటారు కొందరు, విధి అంటారు ఇంకొందరు. విధి అంటే లెక్క అక్కడితో ఆగిపోతుంది. గర్వం అంటే తిరకాసు, ఎందుకంటే గర్వపోతు తన పేరు చెప్పుకుంటాడు గానీ తగ్గించుకోడు. అతని మాటలోనే కారణం ఉంది. నేను చిన్నవాణ్ణి అంటే, నన్ను పడగొట్టినా వెనక రుస్తుం ఉన్నాడు అని అర్థం. తను పడిపోతే ఇరాన్‌కు ఇంకెవరూ లేరు. ఆ సంగతి శత్రువుకు తెలియకుండా ఉంచడానికి ఈ అబద్ధం.

దీన్ని అంకెల్లో పెడదాం. అంకెలు నావి, ఫిరదౌసివి కావు. పేరు చెప్తే, ఎదుటివాడు కొడుకైతే లాభం 10. ఎదుటివాడు పరాయివాడైతే నష్టం 4, వెనక ఎవరూ లేరన్న కబురు ఇచ్చినందుకు. పేరు దాస్తే, పరాయివాడైతే సున్నా. కొడుకైతే నష్టం 100, ఎవరు చచ్చినా ఒకరు చస్తారు గనుక. ఎదుటివాడు కొడుకయ్యే అవకాశం అ అనుకోండి. చెప్తే వచ్చేది 10అ − 4(1 − అ). దాస్తే వచ్చేది −100అ. చెప్పడం మేలు కావాలంటే 114అ అనేది 4 దాటాలి, అంటే అ విలువ 3.5 శాతం దాటాలి. గీత అంత కిందికి ఉంది. కొడుకు ప్రాణం అంత విలువైనప్పుడు నూటికి నాలుగు పాళ్ల అనుమానం ఉన్నా పేరు చెప్పేయాలి. రుస్తుం చెప్పలేదు. అంటే అతని అనుమానం దానికన్నా తక్కువ. ఎందుకంత తక్కువ?

జవాబు కావ్యంలోనే ఉంది. యుద్ధానికి రమ్మని కావూస్ పంపిన జాబు అందినప్పుడు రుస్తుం అంటాడు: సమంగాన్ రాకుమారి వల్ల నాకొక కొడుకున్నాడు, కానీ ఇంకా పసివాడు, నేను బంగారం పంపాను, వాడు చిన్నవాడనే కబురొచ్చింది. అదీ సంగతి. కొడుకున్నాడని తెలుసు, వయసు మాత్రం తప్పు. పసివాడు అన్న పాత కబురు మొదటి నమ్మకాన్ని నేలకు దించేసింది. అది 1 శాతం అనుకోండి. తన తాత సామ్ లాంటి వీరుడు తూరాన్‌లో పుట్టాడట అని విన్నప్పుడు రుస్తుం ఆశ్చర్యపోతాడు. ఆ పోలిక పరాయివాడిలోకన్నా కొడుకులో మూడురెట్లు ఎక్కువగా కనిపిస్తుందనుకుంటే, 1:99 నిష్పత్తి 3:99 అవుతుంది, అంటే 2.9 శాతం. గీత 3.5. దాచాడు.

రెండో రోజు పొద్దున్నే సోహ్రాబ్ నవ్వుతూ పలకరిస్తాడు. ఆయుధాలు పక్కన పెడదాం, కూర్చుని మధువు తాగుదాం, నీ పేరు చెప్పు, నువ్వు దస్తాన్ కొడుకువి కదూ, అంటాడు. దస్తాన్ అంటే రుస్తుం తండ్రి. శత్రువు ఇలా మాట్లాడడు. దీనికి రెండురెట్ల బరువిస్తే 6:99, అంటే 5.7 శాతం. పాత గీత దాటేసింది, పేరు చెప్పాలి! కానీ గీత కూడా కదిలింది. ముందురోజు పోరులో ఆ కుర్రవాడు తనకు సరిజోడని తేలింది. ఓడిపోయే ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు వెనక ఎవరూ లేరన్న కబురు ఇంకా ఖరీదు. ఆ నష్టాన్ని 4 నుంచి 12కు పెంచండి. 122అ విలువ 12 దాటాలి, అంటే గీత 9.8 శాతం. మళ్లీ దాచాడు. నిన్న కుస్తీ అనుకున్నాం, నీ మాటలకు మోసపోను, అంటాడు.

సోహ్రాబ్ ఎంత బలం చూపిస్తే సామ్ వంశపు పోలిక అంత బలపడుతుంది. ఎంత బలం చూపిస్తే రుస్తుంకు పేరు చెప్పడం అంత ప్రమాదం అవుతుంది. ఒకే సాక్ష్యం నమ్మకాన్నీ గీతనూ కలిపి పైకి తోస్తోంది. ఈ కథలో గేమ్ థియరీ చూపించగలిగిన, మామూలు చదువులో కనిపించని సంగతి ఇదే. అంకెలు మార్చి చూడండి. కొడుకు ప్రాణానికి 100 బదులు 200 వేస్తే గీత 1.9 శాతానికి దిగి, ఒకటో రోజే పేరు చెప్పేస్తాడు. అంటే ఫలితం అంకెల మీద ఆధారపడి ఉంది, ఆ మాట విశ్లేషణలో కచ్చితంగా రాయాలి. రెండూ కలిసి పెరగడం మాత్రం ఏ అంకెలు వేసినా పోదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మాథ్యూ ఆర్నాల్డ్ 1853లో ఇంగ్లీషులో రాసిన కావ్యం చదివి ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. అందులో రుస్తుంకు పుట్టింది ఆడపిల్ల అని కబురొస్తుంది. మొదటి నమ్మకం సున్నా. సున్నాను ఎన్నిరెట్లు చేసినా సున్నాయే, ఏ సాక్ష్యమూ దాన్ని కదపలేదు. కవిత్వంగా అది ఎంత బాగున్నా, ఫిరదౌసి పెట్టిన చిక్కుముడి అందులో లేదు.

సోహ్రాబ్ మాత్రం నేను ఫలానా అని ఎందుకు చెప్పలేదు అంటారు. చెప్పినా ఉత్త మాట. చావు తప్పించుకోవడానికి ఎవడైనా నీ కొడుకునని అంటాడు. మాటకు బదులు చూపించదగ్గ రుజువు వాడి దగ్గర ఉంది, దండకు కట్టిన పూస. కానీ అది కవచం కింద ఉంది. చూపించాలంటే ఇనుప చొక్కా ముడులు విప్పి శత్రువు ముందు ఒళ్లు బయటపెట్టాలి. పొడిచిన తర్వాతే అంటాడు, ఇప్పుడు ఈ కవచం ముడులు విప్పి నా ఒంటిని చూడు అని. రుజువు చూపే ఖర్చు ప్రాణమైనప్పుడు, రుజువు బయటికి రావడానికి ప్రాణం పోయే వేళ రావాలి. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

కుస్తీలో సోహ్రాబ్ మొదట రుస్తుంను పడగొట్టి బాకు తీస్తాడు. మా ఆచారంలో మొదటిసారి పడ్డవాణ్ణి చంపరు, రెండోసారే, అంటాడు రుస్తుం. సోహ్రాబ్ వదిలేస్తాడు. ఆ నియమాన్ని అమలుచేసే పెద్దమనిషి అక్కడ ఎవరూ లేరు. తర్వాత సోహ్రాబ్ పడినప్పుడు, అది వాడు పడటం మొదటిసారే అయినా, రుస్తుం వెంటనే పొడిచేస్తాడు. సోహ్రాబ్ తెలివితక్కువవాడా? కాదు. చంపితే వెనక్కి తీసుకోలేడు, వదిలితే మళ్లీ పట్టవచ్చు. ఇతను రుస్తుమేమో అన్న అనుమానం మనసులో ఉన్నవాడికి వదలడంలో విలువ ఉంది. కవి మూడు కారణాలు చెప్తాడు: ధైర్యం, కాలం, ఉదారత. నాలుగోది ఈ అనుమానం అని నా అభిప్రాయం.

చివరికి మందు. గాయం మాన్పే నూష్‌దారూ కావూస్ దగ్గరుంది. గుదర్జ్ వెళ్లి అడిగితే కావూస్ ఇవ్వడు. తండ్రీ కొడుకులు ఇద్దరూ బతికి కలిస్తే నా సింహాసనం ఏమవుతుంది అని అతని భయం. భయం నిరాధారం కాదు, సోహ్రాబ్ బయలుదేరిందే అతన్ని దించడానికి. నిన్ను ఎప్పటికీ తాకమని రుస్తుం మాట ఇవ్వవచ్చు, ఆ మాటకు జామీను పెట్టడానికి ఏమీ లేదు. కానీ లెక్కలో కావూస్ ఒకటి వదిలేశాడు. మాజందరాన్‌లో, హామావరాన్‌లో ఖైదులో ఉన్న తనను విడిపించింది రుస్తుమే, సింహాసనం ఖాళీగా ఉన్నా తీసుకోలేదు. అంత పాత లెక్కకన్నా రుస్తుం నిన్న తనమీద నోరుజారిన కోపపు మాటకు ఎక్కువ బరువిచ్చాడు. మన బభ్రువాహనుడి కథ పక్కన పెట్టి చూడండి. అక్కడ కొడుక్కి తండ్రెవరో తెలిసే యుద్ధం, అర్జునుడు పడిపోయాడు కూడా. కానీ బతికించే మణి ఉలూపి చేతిలో ఉంది, ఆమెకు అతను బతకడమే కావాలి. మందు ఎవరి చేతిలో ఉందన్నదే రెండు కథల ముగింపునూ వేరుచేసింది.

ఈ కథ పట్టిక కుదిరాక రుస్తుం, ఇరాన్ రాకుమారుడు ఇస్ఫందియార్ పోరుకు వెళ్లండి. ముందే వెళ్లొద్దు, ఎందుకంటే అది వేరే రకం ఆట. అక్కడ ఎవరెవరో ఇద్దరికీ తెలుసు. నీతోపాటు రాజు దగ్గరికి వస్తాను, సంకెళ్లు మాత్రం వేసుకోను, అంటాడు రుస్తుం. సంకెళ్లతోనే తెమ్మని ఇస్ఫందియార్‌కు తండ్రి, రాజు అయిన గుష్తాస్ప్ ఆజ్ఞ, తెస్తే సింహాసనం ఇస్తానని మాట. బేరం కుదరడానికి సగం సంకెల అనేది లేదు, చేతులు కట్టాలి లేదా కట్టకూడదు. ఆ పట్టికలో మూడో వరుస మర్చిపోవద్దు, అది గుష్తాస్ప్‌ది. కొడుకు చావు రుస్తుం చేతిలో రాసి ఉందని జ్యోతిషి జామాస్ప్ నోట ముందే విని, తెలిసే పంపినవాడు అతనే.